సంతకం ఒక్కటే చాలదు: పిల్లల పియర్సింగ్, వయోపరిమితులు, చట్టాలు

సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని పదహారో అధ్యాయం చెవులు కుట్టడం గురించీ, తెగిన చెవులను అతకడం గురించీ చెబుతుంది. బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో, శుక్లపక్షంలో మంచిరోజు చూసి చెవులు కుట్టాలంటాడు సుశ్రుతుడు. బిడ్డను దాది ఒళ్లో కూర్చోబెట్టి ఆటవస్తువులతో మరిపించాలి. ఎడమచేత్తో చెవితమ్మెను లాగిపట్టి, ఎండ వెలుగు అవతలికి కనిపించే పలుచని చోటు వెతకాలి. అక్కడే కుడిచేత్తో మెల్లగా, తిన్నగా పొడవాలి. తమ్మె పలుచగా ఉంటే సూది, మందంగా ఉంటే ఆరె. మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ముందు ఎడమచెవి. రక్తం, నొప్పి ఎక్కువైతే చోటు తప్పినట్టే. కాళిక, మర్మరిక, లోహితిక అనే మూడు సిరల్లో దేనికి తగిలితే ఏ బాధ వస్తుందో విడివిడిగా చెప్పాడు. మూడేసి రోజులకు వత్తి మార్చాలన్నాడు. తమ్మె తెగితే అతికే పద్ధతులు పదిహేను చెప్పాడు. ఒక చిన్న కుట్టు గురించి ఇంత జాగ్రత్త ఎందుకంటే, అది నోరులేని పసిబిడ్డ ఒంటిమీద పెద్దలు చేసే పని కాబట్టి. ఏ చోట, ఏ పనిముట్టుతో, ఎవరి చేత, తర్వాత ఏం చేయాలి అన్న నాలుగు ప్రశ్నలకూ ఆ అధ్యాయంలో జవాబుంది. మన కాలపు చట్టాలు చాలావరకు ఈ నాలుగింటినీ పక్కకు నెట్టి రెండే ప్రశ్నలు ముందుకు తెస్తున్నాయి: వయసెంత, సంతకం ఎవరిది? ఆ రెండూ అవసరమే. కానీ ఆ రెండింటితోనే బిడ్డకు రక్షణ దొరికిందని సరిపెట్టుకుంటే పొరపాటు. తల్లిదండ్రుల సంతకం సూది శుభ్రతకు పూచీ ఇవ్వదు, బిడ్డ ఇష్టానికీ బదులు కాదు. దేశదేశాల చట్టాలను వరసగా చూస్తే ఈ సంగతే మళ్లీ మళ్లీ బయటపడుతుంది.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు చట్టంతో పని పడలేదు. చెవులు కుట్టడం కంసాలి పని. మేనమామ ఒళ్లో బిడ్డ, కొన సాదిన బంగారు తీగ, తర్వాత కాస్త కొబ్బరినూనో పసుపో. ఆడపిల్లకు కొన్నాళ్లకు ముక్కు కూడా. ఎక్కడ కుట్టాలి, ఎప్పుడు కుట్టాలి అన్నది ఆచారమే తేల్చేది. ఇప్పుడు పద్నాలుగేళ్ల పిల్ల అడిగేది తమ్మె మీద రెండో కుట్టు, చెవి పైఅంచున మరొకటి, ఆపైన కనుబొమకో, బొడ్డుకో, నాలుకకో ఒక రింగు. వీటికి ఆచారం అండ లేదు. కంసాలికీ వీటితో పరిచయం లేదు. ఇంట్లో ఒకరు సరేనంటారు, ఒకరు ససేమిరా అంటారు. దుకాణదారు డబ్బులు తీసుకుని పియర్సింగ్ గన్‌తో కొట్టేస్తాడు. ఆచారం వదిలేసిన ఈ చోటుకే చాలా దేశాల్లో చట్టం వచ్చి నిలబడింది. ఎలా నిలబడింది అన్నదే చూడాలి.

బ్రిటన్ సంగతి ముందు చూద్దాం, అక్కడి తేడాలు మనకు పాఠం కాబట్టి. 1969 నాటి చట్టం ప్రకారం అక్కడ 18 ఏళ్లు నిండనివారికి పచ్చబొట్టు వేయడం నేరం. తల్లిదండ్రులు ఒప్పుకున్నా నేరమే. పియర్సింగ్‌కు మాత్రం అలాంటి దేశవ్యాప్త వయోపరిమితి పెట్టలేదు. ఇంగ్లండ్‌లో 1982 నాటి స్థానిక ప్రభుత్వాల చట్టం కింద పియర్సింగ్ చేసేవారు పేరు నమోదు చేసుకోవాలి, శుభ్రత నిబంధనలు పాటించాలి. వయసు దగ్గర చట్టం పెద్దగా నోరు విప్పదు. స్కాట్లాండ్ 2006లో తెచ్చిన లైసెన్సు ఉత్తర్వు కింద 16 ఏళ్ల లోపువారికి పియర్సింగ్ చేయాలంటే తల్లో తండ్రో వెంట వచ్చి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వేల్స్ మరో దారి పట్టింది. 2017 నాటి ప్రజారోగ్య చట్టంలో శరీర భాగాల జాబితా ఒకటి రాసుకుంది. జననాంగాలు, రొమ్ములు, పిరుదులు వంటి చోట్లతో పాటు నాలుకను కూడా అందులో చేర్చింది. 2018 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ 18 ఏళ్ల లోపువారికి ఈ భాగాల్లో పియర్సింగ్ చేయడం నేరం. ఇంటివాళ్ల అనుమతి ఉన్నా చెల్లదు. ఒకే ద్వీపంలో ఇంగ్లండ్ చేసేవాడిని చూసింది, స్కాట్లాండ్ సంతకాన్ని చూసింది, వేల్స్ శరీర భాగాన్ని చూసింది. ఇందులో వేల్స్ ఎంచుకున్న దారి నాకు అన్నిటికన్నా అర్థవంతంగా కనిపిస్తుంది. నాలుకకూ చెవితమ్మెకూ ఒకే కొలత పెట్టకపోవడంలోనే సగం వివేకం ఉంది.

అమెరికాలో ఏ రాష్ట్రం చట్టం దానిది. కాలిఫోర్నియాలో 18 ఏళ్ల లోపువారికి పియర్సింగ్ చేయాలంటే తల్లో తండ్రో సంరక్షకుడో ఎదుట ఉండాలి, లేదా నోటరీ చేసిన అనుమతి పత్రం ఇవ్వాలి. ఆ చట్టం చెవిని పక్కకు తీసేసి పెదవి, నాలుక, కనుబొమ, ముక్కులను పేరుపెట్టి చెప్పింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెవికుట్టు, ముక్కుకుట్టు రెండూ ఒకే ఆచారంలోవి. చట్టం దృష్టిలో మాత్రం చెవి చెవే, ముక్కు పియర్సింగ్. ఫ్లోరిడా ఇంకాస్త నిర్దిష్టంగా చెప్పింది: మైనరుకు నోటరీ చేసిన అనుమతి కావాలి, 16 లోపైతే పెద్దవారు వెంట ఉండి తీరాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో మర్మభాగాల పియర్సింగ్ 18 లోపు ఎవరి అనుమతితోనూ కుదరదు. మిగతా చోట్ల 16 లోపువారికి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. న్యూసౌత్‌వేల్స్ మర్మభాగాల విషయంలో ఆ గీతను 16 దగ్గర గీసింది. ఈ చట్టాలన్నిటినీ పక్కపక్కన పెడితే రెండు సంగతులు తేలుతాయి. మర్మభాగాల దగ్గరకు వచ్చేసరికి వేల్స్, విక్టోరియా, న్యూసౌత్‌వేల్స్ తల్లిదండ్రుల సంతకాన్ని కూడా తోసిపుచ్చాయి. అంటే పెద్దల అధికారానికీ ఒక హద్దుందని ఒప్పుకున్నాయి. మిగతా చోట్లకు వచ్చేసరికి సంతకం దొరికితే చాలన్నట్టు చాలా చట్టాలు ఊరుకున్నాయి. అసలు బిడ్డను ఏమనుకుంటున్నావని అడగడం మీద వీటి దృష్టి పెద్దగా నిలవలేదు.

ఇక హాని ఎక్కడి నుంచి వస్తోంది? 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇంగ్లండ్‌లో పది వేల మందికి పైగా వ్యక్తులపై జరిపిన సర్వేను ప్రచురించింది. చెవితమ్మె కుట్లను లెక్కలోకి తీసుకోకుండా చేసిన సర్వే అది. 16 నుంచి 24 ఏళ్ల వయసువారి పియర్సింగ్‌లలో దాదాపు 31 శాతానికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. సుమారు 15 శాతం సందర్భాల్లో వైద్యుడి లాంటి నిపుణుడి సాయం కావలసివచ్చింది. నూటికి ఒకటి దాకా ఆసుపత్రిలో చేరాల్సినంత దూరం వెళ్లాయి. అంటే మూడింట ఒకదానికి చిక్కు, నూటికొకటికి ప్రమాదం. తేలిగ్గా తీసిపారేయాల్సిన లెక్క కాదు, గుండెలు బాదుకోవాల్సిన లెక్కా కాదు. ప్రమాదం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చెవితమ్మెలో కొవ్వు, రక్తనాళాలు దండిగా ఉంటాయి కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కుట్టు మానిపోతుంది. చెవి పైఅంచు మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పలుచటి పొర నుంచే పోషణ అందాలి. అక్కడ చీముపడితే మందు చేరడమూ కష్టమే, చెవి ఆకారం ముడుచుకుపోతే తిరిగి రావడమూ కష్టమే. నాలుక కుట్టిన వెంటనే వాస్తుంది. లోహపు గుండు తగిలి పళ్లు బీటలువారతాయి, చిగుళ్లు కిందికి జారిపోతాయి. ఇవన్నీ శరీర భాగాన్ని బట్టి వచ్చే తేడాలు. వీటిని చూడని వయోపరిమితి గుడ్డిది.

చేసే చెయ్యి ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చాలు. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక నగల స్టాల్‌లో చెవులు కుట్టించుకున్నవారిలో కొందరికి సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి సోకింది. ఏడు కేసులు నిర్ధారణ అయ్యాయి, మరో పద్దెనిమిది అనుమానిత కేసులు. నిర్ధారణ అయినవన్నీ చెవి పైభాగపు మృదులాస్థి కుట్లే, ఆ ఏడుగురూ పది నుంచి పంతొమ్మిది ఏళ్ల లోపువారే. కొందరికి ఆపరేషన్లు అవసరమయ్యాయి. ఆరోగ్యశాఖ వెతికితే ఆ సూక్ష్మజీవి దొరికిన చోట్లలో ఒకటి శుభ్రం చేసే మందు సీసా. చర్మం మీద పిచికారీ చేసే మందులోనే రోగం కాపురముంది. పనివాళ్లకు సరైన శిక్షణ లేదు. అక్కడ ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ సంతకం పెట్టి ఉన్నా ఆ సీసాలోని సూక్ష్మజీవి ఆగేది కాదు. మన వీధి దుకాణాల్లో వాడే పియర్సింగ్ గన్ సంగతీ ఇలాంటిదే. అది సూదిలా కోయదు. స్ప్రింగ్ బలంతో మొద్దు కొన ఉన్న స్టడ్‌ను కండలోంచి బలవంతంగా తోస్తుంది. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో క్రిములు చంపే వీలు లేదు. ఒక చెవి నుంచి ఇంకో చెవికి అదే గన్ తిరుగుతుంది. 1994లో అమెరికాలో పుట్టిన వృత్తి పియర్సర్ల సంఘం గన్ వాడకాన్ని వ్యతిరేకిస్తుంది. లోహం సంగతి కూడా మరిచిపోకూడదు. నికెల్ కలిసిన చౌక కమ్మలు కొందరి చర్మానికి జీవితాంతం పడకుండా పోయే అలర్జీని అంటిస్తాయి. అందుకే యూరప్ 1994లోనే కుట్టులో పెట్టే ఆభరణాల్లో నికెల్‌కు పరిమితి విధించింది. ఆ నియమం వయసునూ అడగదు, సంతకాన్నీ అడగదు, అయినా లెక్కలేనంత మంది పిల్లల చెవులను కాపాడుతుంది.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. హాని జరిగే అవకాశం ఉన్నప్పుడు 18 ఏళ్ల దాకా ఎవరికీ, ఎక్కడా వద్దని ఒక్కమాటలో తేల్చేస్తే సరిపోదా? సరిపోదు. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో చెవికుట్టుకూ కెలాయిడ్‌కూ ఉన్న సంబంధం మీద ఒక చిన్న అధ్యయనం వచ్చింది. కెలాయిడ్ అంటే గాయం మానిన చోట ఉబ్బెత్తుగా పెరిగే గట్టి మచ్చ, మన ఛాయ చర్మంలో ఎక్కువగా కనిపించేదే. పదకొండేళ్ల లోపు చెవులు కుట్టించుకున్నవారిలో అది 23.5 శాతం మందికి వస్తే, పదకొండు దాటాక కుట్టించుకున్నవారిలో 80 శాతం మందికి వచ్చింది. కొద్దిమందితో చేసిన అధ్యయనమే అయినా, ఇంట్లో కెలాయిడ్ చరిత్ర ఉన్నవారికి అది చెప్పే మాట స్పష్టం: చెవి కుట్టించక తప్పదనుకుంటే చిన్నతనంలోనే మేలు. అంటే చెవితమ్మె విషయంలో ఆలస్యమే రక్షణ అన్న వాదం అన్నివేళలా నిలవదు. పోలియో చుక్కల్లా ఒకే కొలతలో అందరికీ పోసే నియమం ఇక్కడ పనికిరాదు. భాగాన్ని బట్టి, చర్మాన్ని బట్టి, కుట్టే చేతిని బట్టి కొలత మారాలి.

మరి తల్లిదండ్రుల మాటకు విలువ లేదా? ఉంది, పెద్ద విలువే ఉంది. పదమూడేళ్ల పిల్లకు కుట్టు మానడానికి పట్టే కాలం, రోజూ ఉప్పునీటితో కడగాల్సిన ఓపిక, స్కూల్లో ఎదురయ్యే అభ్యంతరం, చీముపడితే అయ్యే ఖర్చు ఒక్కసారిగా మనసుకు రావు. ఆ దూరదృష్టిని అరువు ఇచ్చేది ఇంటి పెద్దలే. అందుకే ఎదుట నిలబడి సంతకం పెట్టమనడం మంచి నియమం. బయటి నుంచి తెచ్చిన కాగితం మీది సంతకం కన్నా, కుట్టే చోట నిలబడి చూసే తల్లి చూపు ఎక్కువ కాపాడుతుంది. కానీ ఆ మాటకు రెండు హద్దులున్నాయి. ఒకటి, పైన చూసిన మర్మభాగాల హద్దు. రెండోది బిడ్డ ఇష్టం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992లో భారత్ కూడా చేరింది. తన గురించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకుందని, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని దాని 12వ అధికరణ చెబుతుంది. ఇంగ్లండ్‌లో 1985లో ప్రభువుల సభ ఇచ్చిన గిల్లిక్ తీర్పు వైద్యం విషయంలో ఇదే దారి చూపింది: 16 లోపువారైనా, విషయాన్ని పూర్తిగా గ్రహించే తెలివి ఉంటే వారి అనుమతికి విలువుంది. వైద్యానికే అంత చోటు ఇచ్చినప్పుడు, ఒంటిమీది అలంకారం విషయంలో వద్దనే హక్కైనా బిడ్డకు ఉండాలి. నా దృష్టిలో అనుమతి అంటే ఒకే తాళానికి రెండు చెవులు: ఒకటి పెద్దలది, ఒకటి బిడ్డది. రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకోవాలి.

బిడ్డ ఇష్టమూ ఇంటి ఆచారమూ ఒకటైతే బయటివారి నియమం ఎంతవరకు అడ్డుపడవచ్చో దక్షిణాఫ్రికాలో ఒక కేసు తేల్చింది. డర్బన్‌లోని బాలికల హైస్కూల్లో చదివే దక్షిణభారత మూలాలున్న ఒక హిందూ విద్యార్థిని, ఇంటి ఆనవాయితీ ప్రకారం తల్లి అనుమతితో ముక్కు కుట్టించుకుంది. పిల్ల ఈడేరినప్పుడు ముక్కుపుడక పెట్టించడం, పదహారో ఏట అమ్మమ్మ దాన్ని రవ్వల పుడకగా మార్చడం ఆ ఇంటి పద్ధతి. స్కూలు కాదంది. 2007 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పిల్ల పక్షాన తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా రాసిన ఆ తీర్పు ముక్కుపుడకను ఆ పిల్ల సంస్కృతిలో, మతంలో భాగంగా గుర్తించి, దానికి చోటివ్వకపోవడం వివక్షేనని చెప్పింది. ఆ పుడక ఆ పిల్లకు స్వయంగా ఎంత ముఖ్యమో కూడా కోర్టు పట్టించుకుంది. ఆచారాన్ని గౌరవించడమూ బిడ్డ మాట వినడమూ ఒకదానికొకటి శత్రువులు కావని ఈ తీర్పు చూపిస్తుంది.

ఇక్కడే అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. బిడ్డ మాట అంత ముఖ్యమైతే, నోరులేని ఆరునెలల పాప చెవులు కుట్టించడం మాత్రం ఎలా సమర్థిస్తారు? 2015లో బ్రిటన్‌లో పసిపిల్లల చెవులు కుట్టడాన్ని నిషేధించాలని వేలమంది పిటిషన్ మీద సంతకాలు చేసినప్పుడు వారి వాదం ఇదే. ఈ వాదాన్ని కొట్టిపారేయలేను. నొప్పి నొప్పే, అది బంగారు తీగతో వచ్చినా సరే. అయినా నిషేధం దాకా వెళ్లకూడదనడానికి కారణాలు ఉన్నాయి. తమ్మెకు జరిగే నష్టం తక్కువ. కుట్టు వద్దనుకుంటే పోగు తీసేస్తే చాలావరకు పూడిపోతుంది, మిగిలేది చుక్కంత మచ్చ. శుభ్రంగా చేసి, శ్రద్ధగా చూసుకుంటే ఏ వయసులోనైనా ప్రమాదం తక్కువేనని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ తల్లిదండ్రులకు చెబుతుంది. అయితే కుట్టును తనే చూసుకునే వయసు వచ్చేదాకా ఆగడం మేలని కూడా అంటుంది. మన దగ్గర ఆగలేని కుటుంబాలు కనీసం ఒకటి పాటించాలి. ధనుర్వాతం, హెపటైటిస్-బి నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. అవి పూర్తికాకముందే, బారసాల సందడిలోనే చెవులు కుట్టించేయాలన్న తొందర మానుకోవాలి. సుశ్రుతుడు చెప్పిన ఆరో నెల ఆ టీకాలు పూర్తయ్యాకే వస్తుంది. ఆచారానికీ ఆరోగ్యానికీ ఇక్కడ పేచీ లేదు. నడిచి, మాట్లాడి, వద్దని ఏడ్చి పారిపోయే వయసు పిల్ల విషయం వేరు. ఆ పిల్లను పట్టి కూర్చోబెట్టి కుట్టించడానికి ఏ ఆచారమూ సాకు కాకూడదు.

ఇంకో అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. కట్టడి చేస్తే పిల్లలు దొంగచాటుగా ఇంట్లోనే పిన్నీసుతోనో, కొవ్వొత్తి మంటలో కాల్చిన సూదితోనో పొడుచుకుంటారంటారు. ఈ భయం నిజమే. స్నేహితురాలి గదిలో మొద్దుబారిన సూదితో పొడిచిన చెవి పైఅంచు ఏ దుకాణం గన్ కన్నా ప్రమాదం. కానీ ఈ వాదం చెప్పేది కట్టడి వద్దని కాదు, కట్టడిలో ఒక దారి తెరిచి ఉంచమని. అందుకే 18 దాకా అన్నిటికీ తలుపు మూసేసే నియమం కన్నా, మర్మభాగాలకూ నాలుకకూ మాత్రమే మూసి, మిగతావాటికి పెద్దల సమక్షంలో తెరిచే నియమం మేలు. పదహారేళ్లు దాటిన పిల్లలకు స్కాట్లాండ్, విక్టోరియా ఇచ్చినట్టు సొంత నిర్ణయానికి చోటివ్వడం కూడా ఇందుకే.

ఇక మన సంగతి. దేశంలో పియర్సింగ్‌కు వయోపరిమితి పెట్టిన కేంద్ర చట్టం లేదు. ఉన్నవి నేరచట్టంలోని సాధారణ మినహాయింపులే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ ప్రకారం 12 ఏళ్ల లోపు బిడ్డ మేలు కోరి సంరక్షకుల అనుమతితో చేసిన పని నేరం కాదు. 25వ సెక్షన్ 18 దాటినవారు ఒప్పుకుని భరించే మామూలు గాయాల గురించి చెబుతుంది. 28వ సెక్షన్ 12 లోపు బిడ్డ ఇచ్చిన అనుమతిని సాధారణంగా అనుమతిగా లెక్కించదు. ఈ మూడింటి నడుమ 12 నుంచి 18 వరకు ఒక ఖాళీ మిగిలింది. ఆ వయసువారి మేలు కోసం వారి అనుమతితో చేసే పనికి 26వ సెక్షన్ కొంత ఆసరా ఇస్తుంది కానీ, అలంకారం ‘మేలు’ కిందికి వస్తుందా అన్నది చట్టం చెప్పదు. బొడ్డుకూ, నాలుకకూ, చెవి పైఅంచుకూ పిల్లలు మోజుపడేది సరిగ్గా ఆ ఆరేళ్లలోనే. దాని ఫలితం, చీముపట్టిన చెవితో బిడ్డ ఆసుపత్రికి వచ్చేదాకా ఎవరికీ బాధ్యత లేకపోవడం.

ఈ ఖాళీ పూడ్చడానికి ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు తామే చట్టం చేసుకోవచ్చు. అది సంతకంతో కాక సూదితో మొదలవ్వాలి. కుట్టే ప్రతి ఒక్కరికీ, అది కంసాలి అయినా బ్యూటీపార్లర్ అయినా మాల్‌లో స్టాల్ అయినా, తక్కువ రుసుముతో నమోదు, ఒకటి రెండు రోజుల శిక్షణ ఉండాలి. ఒక్కరికే వాడి పారేసే సూదులు, నికెల్ లేని పోగులు తప్పనిసరి కావాలి. తరతరాల చేతివాటం ఉన్న కంసాలిని ఈ చట్టం తరిమేయకూడదు. అతని చేతికి శుభ్రమైన సూది, గోడకు ఒక లైసెన్సు ఇవ్వాలి. ఆ తర్వాతే భాగాల లెక్క: మర్మభాగాలు, నాలుక 18 దాకా ఎవరి అనుమతితోనూ వద్దు. మృదులాస్థి, ముక్కు, కనుబొమ, బొడ్డు 16 లోపైతే పెద్దల సమక్షంలోనే. చెవితమ్మె శుభ్రత నిబంధన ఒక్కదానితో ఆచారానికే వదిలేయాలి. అన్నిటికీ ఉమ్మడిగా, మాటలొచ్చిన ప్రతి బిడ్డనూ కుట్టే ముందు అడగాలి. అమలు చేసేదెవరు అన్న సందేహం న్యాయమే. కానీ ప్రతి స్టాల్ దగ్గరా పోలీసు నిలబడాలని ఎవరూ అనడం లేదు. లైసెన్సు కాగితం గోడమీద వేలాడితే, అది లేని చోట కుట్టించకూడదని తల్లిదండ్రులకే తెలుస్తుంది.

పసిబిడ్డ చెవిని ఎండ వెలుగుకు పట్టి, పలుచని చోటు వెతికి, మెల్లగా పొడవమన్నాడు సుశ్రుతుడు. చోటు చూడటం, పనిముట్టు చూడటం, నొప్పి ఎక్కువైతే తప్పు జరిగిందని ఒప్పుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. మన చట్టం దానికి చేర్చాల్సింది ఒక్కటే. ఆ చెవి ఉన్న మనిషికి మాట వచ్చాక, సూది ఎత్తే ముందు ఆమెను అడగాలి, వద్దంటే సూది దించాలి.